ఇంట్లో అమ్మ ఉండాది

కూతురి ఫోను ఎవరో పెద్దావిడ ఎత్తింది.

వరమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"ఎవరండీ మీరు? మా తేజు ఏదీ?"

"పండుకోనుండాది. పక్క రూము మునిలక్ష్మమ్మను. పాపకు అమ్మ వచ్చిండాదమ్మా."

"అమ్మేంటి? దాని అమ్మని నేను! రాజోలు నుంచి మాట్లాడుతున్నాను."

"ఆ అమ్మ గాదు..."

"మరే అమ్మ? పేరేంటి ఆవిడకి?"

"ఇంట్లో ఉన్నెప్పుడు పేరు చెప్పగూడదమ్మా. నువ్వేమీ బయపడొద్దు. అమ్మ దిగినంక నేనే తలకు నీళ్లు పోసి పంపిస్తాను."

తేజస్విని హోసూరు ఫ్యాక్టరీలో చేరి ఏడాది. ఆ ఏడాదంతా వరమ్మ ఫోన్లతోనే గడిపింది. వానలు పడితే దోమల గురించి, మంచు పడితే స్వెట్టర్ గురించి. శివరాత్రి వెళ్లి ఎండలు మొదలైతే వడదెబ్బ గురించి. పిల్ల మాత్రం నాలుగు రోజులుగా జలుబని మెసేజీలే పెడుతోంది, మాట్లాడటం లేదు.

తీరా చేస్తే, పేరు చెప్పని ఒక అమ్మ. తలకు నీళ్లు పోస్తుందట, పెళ్లికూతురికి పోసినట్టు!

ఏ కాలంలోనూ రాని భయం పట్టుకుంది వరమ్మకు.

"నీకు కొడుకున్నాడా?"

"ఉండాడమ్మా. లారీ తోలుతాడు. ఏమిటికి?"

"అనుకున్నాను! నా కూతుర్ని లారీవాడికి కట్టబెట్టేసి, అత్తగారివై కూర్చున్నావా? పిల్లల్ని వలేసి పట్టే ముఖం నువ్వూనూ! నువ్వు బాగుపడవు!"



"సల్లగుండమ్మా" అంది ఆ గొంతు. అంతే. మళ్లీ చేస్తే స్విచాఫ్.

రెండో రోజు వరమ్మ హోసూరు శివారు జూజువాడిలో ఆటో దిగింది. లారీలు దాటుకుని సందులోకి తిరిగేసరికి, వరస గదుల ముందు మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. రెండు చేతులూ పసుపు.

"పసుపు దంచడం కూడా అయిపోయిందా!" సందు మొదట్నుంచే అరిచింది వరమ్మ. "ఏదే నా కూతురు? ఏం చేశావే దాన్ని?"

ముసలామె లేచి నిలబడింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"గెట్టిగా మాట్లాడొద్దు తల్లీ. తిట్టుకోగూడదు. ఇంట్లో అమ్మ ఉండాది."

వరమ్మ ఆమెను తోసుకుని లోపలికి వెళ్లింది.

చాప నిండా వేపరెమ్మలు. వాటి మీద తేజస్విని. ముఖమంతా ఎండుతున్న పొక్కులు.

ఆటలమ్మ.

వరమ్మ చాప పక్కన కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే హడలిపోతావని." తేజస్విని గొంతు పీలగా ఉంది. "రూములో పిల్లలిద్దరూ భయపడి వెళ్లిపోయారమ్మా. అవ్వ ఒక్కతే ఉంది. రాగిజావ పట్టింది, వేపాకుతో విసిరింది. నువ్వన్ని మాటలంటే ఒక్కటీ తిరిగి అనలేదు చూడు. అమ్మ ఉన్న ఇంట్లో కోపం రాకూడదట."

"ఆవిడకి అంటుకోదూ?"

"నేనూ అదే అన్నాను, రావద్దన్నాను. చిన్నప్పుడే వచ్చి పోయిందట. మళ్లీ రాదంది."

వరమ్మ ఊపిరి పీల్చుకుంది. గుమ్మం బయట ముసలామె ఇంకా నిలబడే ఉంది. ఒక్క మాట అడగాలి, క్షమించమని. కానీ గాలి తగులుతుందని తలుపు దగ్గరగా వేసింది.

వెళ్లేటప్పుడు చెబుదాంలే అనుకుంది.

వారానికి పొక్కులు రాలాయి. తలకు నీళ్లు వరమ్మే పోసింది. బయల్దేరే పొద్దున పక్క గది తలుపు మూసి ఉంది.

"అవ్వ రెండ్రోజులుగా ఒళ్లునొప్పులని పడుకుంది. ఒక్కసారి చూసొస్తానమ్మా."

వరమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దు! జ్వరమేమో. ఇప్పుడే లేచిన ఒళ్లు, నీకు అంటుకుంటే?"

ఆటో కదిలింది.

తొలకరి పడ్డాక కూతుర్ని దిగబెట్టడానికి వచ్చింది వరమ్మ. సంచిలో పూతరేకులు, ఒక నేత చీర. ఏం చెప్పాలో రైల్లో పదిసార్లు అనుకుంది.

పక్క గదికి తాళం.

వాకిట్లో బట్టలు తీస్తున్న ఎదురింటి అంబిక వీళ్లను చూసి ఆగిపోయింది.

"మునిలక్ష్మమ్మ గారు లేరా అండీ?" అంది వరమ్మ.

"మీకు తెలీదా? మీరు పోయిన మర్నాడే ఆమెకూ అమ్మ వచ్చె. ఆ వయసులో తట్టుకుంటారామ్మా? ఊపిరికి పట్టుకొనె. కృష్ణగిరి ఆస్పత్రికి తీసుకపోయినాము. కొడుకు లారీ గుజరాతులో ఉండె. వాడు వచ్చేలోపల అయిపాయె."

తేజస్విని తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్లింది.

వరమ్మ చేతిలో సంచి అలాగే ఉంది. "అదేంటి... చిన్నప్పుడే వచ్చి పోయిందన్నారు కదా? ఒకసారి వస్తే మళ్లీ రాదు కదా?"

అంబిక తేజస్విని వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆమెకు ఎప్పుడూ రాలేదమ్మా. అట్ల చెప్పకుంటే నీ కూతురు ఆమెను గడప దాటనిస్తుండెనా?"