కుండీకి నీళ్ళు

"కుండీకి నీళ్ళు పోశారా?" అంటూ పెద్ద సిస్టర్ వార్డులో అడుగుపెట్టింది.

ఇద్దరు నర్సులు కిసుక్కున నవ్వారు. ఆ పూటే చేరిన కొత్త నర్సు నవ్వలేదు. ఎవరూ విడమరచి చెప్పకుండానే పాల గిన్నె అందుకుని తిన్నగా ఆరో మంచం దగ్గరికి వెళ్ళింది. స్పృహ లేకుండా పడున్న ముసలమ్మకి ముక్కు గొట్టంలో పాలు పోయసాగింది.

"మా మాటలు అప్పుడే వంటబట్టాయే!" అంది పెద్ద సిస్టర్, కాస్త గర్వంగానే.

ఆ మాటలన్నీ ఆవిడ పుట్టించినవే. స్పృహ లేనివాళ్ళు కుండీలు. ఊరికే గంట నొక్కేవాళ్ళు పోస్టుమాన్లు. పోయినవాళ్ళు పార్శిళ్ళు. పెద్ద డాక్టరు దేవుడు, ఎంత పిలిచినా రాడు కాబట్టి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పసివాడు చేతుల్లోనే పోతే, దుప్పట్ల గదిలో దూరి వెక్కి వెక్కి ఏడ్చిందావిడ. ఆ తర్వాత ఏడవడం మానేసి పేర్లు పెట్టడం మొదలెట్టింది. నవ్వకపోతే ఈ పని చెయ్యలేమని ఆవిడ గట్టి నమ్మకం.

కొత్త పిల్లకి ఆ నవ్వే రాదు. గంజి పెట్టినట్టు బిగుసుకున్న మొహం. అందుకే ‘ఇస్త్రీ’ అని పేరు పడింది. పైగా ఆరో మంచంతో కబుర్లు!

"అమ్మా, ఎడమవైపుకి తిప్పుతున్నాను. గుడ్డ చల్లగా ఉంటుంది, ఉలిక్కిపడకండి."

మిగతా ఇద్దరూ ఆ గొంతు అనుకరిస్తూ పడీ పడీ నవ్వేవారు. పెద్ద సిస్టర్‌కి మాత్రం ఒళ్ళు మండింది. ఆ మర్యాదంతా తనని ఎత్తిపొడవడానికే అనిపించింది. కక్ష కట్టింది. బెడ్‌పాన్లన్నీ ఇస్త్రీ నెత్తినే పడ్డాయి. సెలవడిగితే కసుర్లు. భోజనాల గదిలో ఆ పిల్ల కూర్చుంటే మిగతావాళ్ళు లేచిపోవాలి.

ఇస్త్రీ అన్నీ తలొంచుకుని చేసుకుపోయింది. అది ఇంకా మండించింది.

ఒక మధ్యాహ్నం సూపరింటెండెంట్ పెద్ద సిస్టర్‌ని పిలిపించి అందరి ముందూ దులిపేశాడు. "మనుషుల్ని కుండీలంటారా? ఇంకోసారి నా చెవిన పడిందో, ఇంటికి పంపిస్తాను."

ఆవిడ బుసలు కొడుతూ వార్డుకొచ్చింది. ఇస్త్రీ ఆరో మంచం పక్కన నిలబడి ముసలమ్మకి తల దువ్వుతోంది.

"నా నోట్లో మట్టి కొడతావుటే?"

"నేను చెప్పలేదక్కా. ఈవిడ కొడుకు చెప్పాడు. నిన్న తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు."

"నమ్మమంటావా? వచ్చిన రోజు నుంచీ చూస్తున్నా నీ వాలకం. మేం నవ్వితే నీకు కడుపుమంట. ఇదా, మొద్దులా పడుంది. నా మాటలు దీనికేం గుచ్చుకుంటాయి?"

"మెల్లిగా అనండి. వింటారు."

"వింటుందా! ఇన్నేళ్ళ సర్వీసు నాది, నిన్నగాక మొన్నొచ్చి నాకు పాఠాలు చెప్తావా? పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఒదులుకుని మరీ వచ్చావట. ఏం వెలగబెడదామని? అసలు చేరిన పూటే మా మాటలు నీకెవరు చెప్పారే?"

అనేశాక పెద్ద సిస్టర్‌కే అనుమానం వచ్చింది. మిగతా ఇద్దరి వైపూ చూసింది. వాళ్ళు అడ్డంగా తలలూపారు.

ఇస్త్రీ దువ్వెన పక్కన పెట్టింది. చేరిన ఇన్నాళ్ళకి మొదటిసారి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరే చెప్పారక్కా, పోయినేడు తల నిండా కట్లతో ఇదే మంచం మీద నేను కదలకుండా పడున్నప్పుడు."