పోచమ్మను అడగాల్సిన మాట

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. అరుగు మీద బీడీ కాలుస్తూ తండ్రి పోశాలు. పసుపు నూరుతూ తల్లి ఎల్లక్క, నుదుటి నిండా బొట్టుతో. భూపాలపల్లి నుంచి దిగిన మేనమామ రాజ్‌కుమార్. చంకన పసిపిల్లతో పక్కింటి అరుణ. గడప పక్కన జమిడిక వాద్యం సవరించుకుంటున్న, అమ్మవారి కొలుపులు చేసే బైండ్లాయన. గోడవారగా రుచిత.

పోచమ్మ ఇంకా రాలేదు.

పొద్దు నడినెత్తికి వస్తే గాని పోచమ్మ రాదు. ఆదివారం ఆదివారం ఈ ఇంట్లోనే ఒంటి మీదికి వచ్చి మాట్లాడుతుంది. చిట్యాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ఆటోలు కట్టుకుని వచ్చి అడుగుతారు. ఇవ్వాళ మాత్రం పోశాలు బయటివాళ్ళను రావద్దన్నాడు. ఇవ్వాళ అడగాల్సింది ఇంటి మాట.

ఆ మాట రుచిత గురించే. పదో తరగతి పాసైంది. జనగామలో హాస్టలున్న కాలేజీలో సీటు వచ్చింది. రేపు సాయంత్రంలోగా పోయి చేరకపోతే ఆ సీటు ఇంకొకరిది. పంపాలా, పత్తి చేన్లోకి తోలాలా అన్నది పోచమ్మ తేల్చాలి.

"అమ్మ పొమ్మంటే నేనే బస్సెక్కిస్త," అన్నాడు పోశాలు. "వద్దంటే ఇగ ఆ ముచ్చట ఇంట్ల తియ్యద్దు."

రుచితకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మార్కులు చూసి సీటిచ్చినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. ఇక్కడ వీళ్ళకు పోచమ్మ ఒప్పుకోవాలి.

"అవ్వా, పోచమ్మకు జనగామ ఎటుదిక్కున్నదో ఎరుకేనా? నన్నడుగుండ్రి."

ఎల్లక్క పసుపు నూరడం ఆపలేదు. "నిన్నడిగితే పోతననే అంటవు. గందుకే అమ్మనడుగుతున్నం."

రాజ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. ఆయన భూపాలపల్లిలో హాలు కిరాయికి తీసుకుని వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెబుతాడు. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకుని, అద్దం ముందు నిలబడి నేను గెలుస్తాను, నేను గెలుస్తాను అనుకుంటాడు. ఇప్పటిదాకా గెలిచింది ఆ అద్దం మీదనే.

"జీవితమంటే ఏంది బిడ్డా? మన చేతుల ఉన్న స్టీరింగు," అన్నాడు. "ఎవ్వల్నో అడిగి బతుకుడు బతుకే గాదు. నిర్ణయం మనదుండాలె."

"మరి నువ్వేమడగనీకొచ్చినవ్ మామా?"

ఆయన జేబు తడుముకున్నాడు. అందులో నిమ్మకాయ గుండ్రంగా కనబడుతూనే ఉంది.

"గది వేరే ముచ్చట. క్లాసులకు మంది వస్తలేరు. అమ్మ చెవుల జర ఒక మాట వేస్తే తప్పేముంది?"

స్టీరింగు ఆయనది, డీజిలు పోచమ్మ పొయ్యాలన్నమాట.

అరుణ దగ్గరికి జరిగింది. "నువ్వు పోతే వాడకట్టంతా చిన్నబోతది చెల్లే," అంది ప్రేమగా. వారం మధ్యలో బోరింగు దగ్గర ఎదురైతే ఈ అరుణే మొహం పక్కకు తిప్పుకుని పోతుంది.

అరుణ సంగతి వేరే చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడికే వచ్చి అడిగింది. కొడుకు పుడతాడంది పోచమ్మ. ఆడబిడ్డ పుట్టింది. అరుణ పోచమ్మను ఒక్క మాట అనలేదు. పుంజును ఇయ్యాల్సింది పెట్టను ఇచ్చిన, గందుకే ఆడపిల్లైంది అని తానే తేల్చుకుని, తరువాతి వారం పుంజును పట్టుకొచ్చింది. దేవత తప్పు చెప్పినా, దిద్ది అప్పగించే భక్తులకు ఈ ఊళ్ళో కొదువ లేదు.

వీళ్ళ భక్తి కన్నా వీళ్ళ ప్రశ్నలు చూస్తే రుచితకు ఎక్కువ రోత. దేవత దిగి వచ్చి ఎదురుగా కూర్చుంటే మనిషన్నవాడు ఏమడగాలి? ఎందుకు పుట్టించినవ్ అని అడగాలి. ఎవరికీ చెడు చెయ్యని నాయనమ్మ మంచాన పడి ఒళ్ళంతా పుండ్లు పడి పోయిందెందుకు, ఊరినంతా ఏడిపించిన పెద్దమనిషి నిద్రలో సుఖంగా పోయాడెందుకు అని నిలదీయాలి. చచ్చినంక ఏముంటదని అడగాలి. ఇన్ని ఆదివారాల్లో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. బర్రె పాలు ఎందుకు ఎగ్గొడుతోందని అడుగుతారు. బోరు ఏ మూల వేస్తే నీళ్ళు పడతాయని అడుగుతారు. వీటికి దేవత ఎందుకు? మొదటిదానికి పశువుల డాక్టరు చాలు.

ఇక ఈ ఇంట్లోవాళ్ళు. పుట్టినప్పటి నుంచి రుచితా, నీకేం కావాలె అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పొద్దున జడ వేసుకుందామంటే కూడా ఎల్లక్క వేసుకోనివ్వలేదు. ఉండనీ అంది. ఎందుకని అడిగితే, ఊకె మాట్లాడకు అంది. ఆకలైతుందన్నా అదే జవాబు.

"రేపు బస్సు పొద్దుగాల్నే ఉంటది బాపూ," అంది రుచిత ఆఖరిసారిగా. "సర్టిఫికెట్లు సంచిల పెట్టుకున్న."

పోశాలు బీడీ ఆర్పాడు. కూతురి వైపు చూడలేదు.

"పెట్టుకుంటే పెట్టుకున్నవ్ తియ్యి. అమ్మ నోట్లకెళ్ళి ఏ మాటొస్తే గదే ఆఖరు. నేను గూడ దాటలేను."

జమిడిక మోగింది. ఊదు పొగ ఇల్లంతా కమ్మింది. రాజ్‌కుమార్ ఫోను కట్టేసి చేతులు జోడించాడు. అరుణ కొంగు నెత్తి మీద కప్పుకుంది. ఒక్కొక్కరే నేల మీద ఒదిగి కూర్చున్నారు, బడి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందు పిల్లల్లాగా.

ఎల్లక్క పసుపు గిన్నెతో లేచి, ప్రతి ఆదివారంలాగే కూతుర్ని దేవుని అర్రలోకి తీసుకుపోయి, ముగ్గు మీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాసి, ఆ పాదాల మీదనే తల పెట్టి, "తల్లీ పోచమ్మా, ఇగ ఈ పిల్ల ఒంటి మీదికి రా, మా రుచితను పంపాల్నో వద్దో నీ నోటితోనే చెప్పు," అని మొక్కి, బయటికి వచ్చి తలుపు మూసింది.