పచ్చ దీపం

“ఈ దారం ఏంటి?”

బిల్డింగులో కరెంటు పనులు చూసే కరెంటావిడ తలెత్తలేదు. దారం ఒక కొస మౌసుకి, రెండో కొస టేబుల్ ఫ్యానుకి కట్టి ఉంది. ఫ్యాను తల తిప్పినప్పుడల్లా మౌసు కదులుతోంది. ‘ఆగిన లిఫ్టులోంచి మనుషుల్ని దించడం’ అనే వీడియో పాఠం, చూసే దిక్కు లేకపోయినా కంప్యూటర్లో చక్కగా నడుస్తోంది.

“నిన్నే అడిగేది. పాఠం ఫ్యాను నేర్చుకుంటోందా?” అన్నాడు శిక్షణాధికారి. వెనకాల అందరూ ఆయన్ని జలగ అంటారు. పట్టుకుంటే వదలడు.

“కింద మోటారు ఆగిపోయింది సార్, వెళ్ళాల్సొచ్చింది. మౌసు కదలకపోతే పాఠం మళ్ళీ మొదటికొస్తోంది.”

“నోర్ముయ్. చేసింది దొంగపని, పైగా సాకులు!”

ఒకళ్ళు చేశారంటే అందరూ చేసే ఉంటారని తేల్చేశాడు. అక్కడే నిలబడి మెయింటెనెన్సు వాళ్ళందరి పాఠాలూ రద్దు చేశాడు. మేకుకి వేలాడుతున్న, ఆగిన లిఫ్టు తలుపు తెరిచే తాళంచెవి లాక్కుని, గోడకి కొత్తగా బిగించిన ఉక్కు పెట్టె దగ్గరికి నడిచాడు. వేలు ఆనించాడు. పచ్చ దీపం వెలిగింది. తాళంచెవి లోపల పడేసి ధడేలున మూశాడు.

“పాఠం పూర్తయినట్టు కంప్యూటర్లో ఉంటేనే ఇది తెరుచుకుంటుంది. ఏదీ, నీ వేలు పెట్టు.”

అందరి ముందూ ఆవిడ చెయ్యి పట్టి లాగి, వేలు ఆనించాడు. ఎర్ర దీపం. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

“మీరు చూశారా సార్ ఆ పాఠం?”

“పెట్టినవాణ్ణి నేను. నాది పూర్తయినట్టు నేనే ఎక్కించుకున్నా. నేను చూసేదేంటి? రేపటికి పూర్తి చెయ్యకపోతే ఇంట్లో కూర్చో.”

మధ్యాహ్నం శిక్షణాధికారి భోజనానికి దిగుతుండగా రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగింది. లైటు పోయింది, ఫ్యాను పోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. ఆయనకి ఉబ్బసం. పీల్చే మందేమో పైన బల్ల సొరుగులో ఉంది.

“ఎవరక్కడ? తలుపు తియ్యండి!”

“నేనే సార్, కరెంటావిడని. తాళంచెవి పెట్టెలో ఉంది.”

“పగలగొట్టు!”

“సుత్తి పిడే విరిగింది సార్. పెట్టెకి సొట్ట కూడా పడలేదు.”

“లిఫ్టు కంపెనీకి ఫోన్ చెయ్!”

“చేశాం. ఊరవతల ఉన్నారట. బయల్దేరుతున్నారు.”

లోపల దగ్గు తెర మొదలైంది. ఊపిరి పిల్లికూతలు బయటికే వినిపిస్తున్నాయి. ఆవిడకి పొద్దుటి కోపం పోలేదు. కానీ భయం కూడా వేసింది.

“మిగతావాళ్ళ వేళ్ళు... పెట్టి చూడు!”

“అందరివీ చూశాం సార్. అన్నీ ఎర్ర దీపాలే. పొద్దున మీరే కదా రద్దు చేశారు.”

“సన్నాసుల్లారా! ఇంత బిల్డింగులో... పచ్చ దీపం వెలిగేవాడు... ఒక్కడూ లేడా?”

కరెంటావిడ లిఫ్టు తలుపుకి దగ్గరగా జరిగింది.

“ఒక్కళ్ళున్నారు సార్.”

“మరి ఇందాకట్నుంచి చెప్పవేం! ఎక్కడ తగలడ్డాడో... ఈడ్చుకురా వాణ్ణి!”

“లిఫ్టులో ఉన్నారు సార్.”