ఉన్నది ఉన్నట్టు తీసే లెన్స్

నీలవేణి గుమ్మడికొండ మీదికి పర్యాటకులను నడిపించే గైడు. కొండ వెనకవైపు క్వారీవాళ్లు తవ్వేస్తున్నారని, రాళ్లు దొర్లి ఒకామె కాలు విరిగిందని తహసీల్దారుకు మూడుసార్లు ఫిర్యాదు చేసింది. జతచేసిన ప్రతి ఫొటోలోనూ కొండ పచ్చగా, నిండుగా ఉంది. ఇప్పటి లెన్సులు మర్యాద తెలిసినవి; చూడ్డానికి బాగోనిది చూపించవు.

చివరికి విశాఖలో లెన్సుల దుకాణానికి వెళ్లింది.

"ఈ వైడ్ లెన్స్ తేలికమ్మా, కొండెక్కడానికి బావుంటాది. ఫొటోలో మంచు అదే వేసుకుంటాది. ఈ జూమ్ అయితే కరెంటు స్తంభాలు తీసేస్తాది," అన్నాడు దుకాణదారు.

"ఉన్నది ఉన్నట్టు తీసేది లేదేటండీ?"

అతను జాలిపడి, అడుగు అరలోంచి పాత గాజు లెన్స్ తీసిచ్చాడు. ఇటుకంత బరువుంది. దాన్ని మోసుకుంటూ ఆమె కొండెక్కి, క్వారీ కొరికేసిన వైపు ఫొటో తీసి, తహసీల్దారు ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూసి, "లెన్స్ పాడైనట్టుందమ్మా," అన్నారు.

"అయితే మీరే వచ్చి చూడండి బాబూ."

"కళ్లతోనా?" ఆయన కంగారుపడ్డారు. "దానికి పైనుంచి అనుమతి రావాలి."

మర్నాటి నుంచి నీలవేణి పర్యాటకుల కెమెరాలన్నీ కిందే పెట్టించి, వాళ్లకు దూరం నుంచి కొండ వెనకవైపే చూపిస్తోంది. అనుమతి మాత్రం అడగలేదు.