ఎవరో చెప్పు

“నువ్వు నోరు మెదపొద్దు వదినా. మీ తమ్ముడే చూసి చెప్పాల,” అంది నాగలత.

చిన్నన్న బయోనిక్ కన్ను పెట్టించుకొని పులివెందులకు వచ్చినప్పటి నుంచి అతని ముందు అందరూ ఇలాగే మూగవాళ్ళవుతున్నారు. మేకలు మాత్రమే మునుపటిలా పలకరిస్తున్నాయి.

వేముల నుంచి వచ్చిన అక్కమ్మ వాకిట్లో అతని ముందు నిలబడింది. ఆ కంటికి బొమ్మనందించే కెమెరా కళ్ళద్దాలు పెట్టుకున్న చిన్నన్నకు నిలువుగా ఒక తెల్లటి మసక కనిపించింది.

“కరెంటు స్తంభమా?” అన్నాడు.

అందరూ నవ్వారు.

“కండ్లు లేనప్పుడు సందు మలుపులోనే అక్కా అని పిలుస్తాంటివి. కండ్లొచ్చినాక స్తంభాన్నయితినా?”

అక్కమ్మ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోసాగింది. చిన్నన్న కళ్ళద్దాలు తీసేశాడు.

“అక్కా, ఎడమ చెప్పు తెగిందా? ఈడ్చుకుంటా పోతాండావు.”

అక్కమ్మ ఆగింది.

“ఇప్పుడు కనపడినాన్రా నీకు?”