కెంపన్న చిందులు

ఒక ఇంటి గాజుతొట్టిలో రెయిన్‌బో చేపలుండేవి. పొద్దుటి ఎండ నీళ్లలో పడగానే మగచేప కెంపన్న ఒళ్లంతా మెరిపిస్తూ ఆడచేప నీలమ్మ చుట్టూ చిందులేశాడు. మురిసిపోయిన నీలమ్మ నాచులో గుడ్లు పెట్టింది. ఆడి ఆడి ఆకలేసిన కెంపన్న ఆ గుడ్ల మీదికే నోరు తెరిచాడు.

"ఆగవయ్యా! అవి మన పిల్లలు!" అని నీలమ్మ అడ్డం పడింది.

కెంపన్న సిగ్గుపడ్డాడు. ఇంతలో మిగతా చేపలూ గుడ్లు తినడానికి వచ్చాయి. కెంపన్న గబగబా తొట్టి అవతలి చివరికి వెళ్లి, "నన్ను మించి మెరిసేవాడు మీలో ఉన్నాడా?" అని కేకేశాడు. మగచేపలు పౌరుషంతో అటు పరుగెత్తాయి. ఆడచేపలు వేడుక చూడ్డానికి అటే వెళ్లాయి. గుడ్లు పిల్లలయ్యేదాకా కెంపన్న రోజూ అలాగే ఆడాడు.

ఒకనాడు నాచులోంచి చిట్టికళ్లు తొంగిచూశాయి.

"నాన్నేడమ్మా?"

"అదిగో, అలసిపోయినా ఆడుతూనే ఉన్నాడే, ఆయనే!" అంది నీలమ్మ నవ్వుతూ.