ఊగే భవనం

లిఫ్టు పదహారో అంతస్తులో ఆగేసరికి, భవనంలో గదులు అద్దెకిచ్చే గుమాస్తా ప్రూయిట్ కిటికీ వైపు చూశాడు. సరస్సు మీదనుంచి ఈదురుగాలి లేచింది. ఇవాళే లేవాలా ఈ పాడుగాలి!

చికాగో నడిబొడ్డున ఆ భవనం లేచి రెండేళ్లయింది. గుర్రబ్బళ్ల మోత కూడా వినపడనంత ఎత్తు. కింది అంతస్తులన్నీ నిండాయి, పైది మాత్రం ఖాళీ. గాలికి ఊగుతుందని ఊరంతా కోడై కూస్తోంది.

"శనివారంలోగా దాన్ని అద్దెకివ్వకపోతే సోమవారం నువ్వు రానక్కర్లేదు" అనేశాడు యజమాని. ఇవాళ శనివారం.

"ఊగుతుందట కదయ్యా?" కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని గదంతా కలియజూశాడు పళ్ల డాక్టరు హాస్కెల్.

"ఎవరండీ ఆ మాటన్నది? అంతా కిట్టనివాళ్ల పుకారు. ఉక్కు కట్టడం, డాక్టరు గారూ! ఆ దీపం చూడండి, కదులుతోందా?"

కదల్లేదు. కదలదు మరి. దాని గొలుసుని పొద్దున్నే తీగతో బిగించింది ప్రూయిటే.

డాక్టరు మొహం ముడుచుకుంది. "అస్సలు ఊగదా?"

"అస్సలు."

"గాలివానకి కూడా?"

"మా అమ్మ తోడు!"

"సరేలే, ఆలోచించి చెప్తా" అంటూ డాక్టరు లిఫ్టు వైపు తిరిగాడు.

నమ్మలేదు కాబోలు! ప్రూయిట్ ఒక్క ఉదుటున వెళ్లి, గ్లాసు నిండా నీళ్లు పోసి డాక్టరు పక్కనున్న బల్లమీద పెట్టాడు. "చుక్క తొణికితే నా పేరు మార్చుకుంటానండీ!"

అప్పుడే విసిరికొట్టింది గాలి. నేల కిర్రుమంది. తీగ తెగి దీపం ఊయలూగింది. గ్లాసు జారి నీళ్లన్నీ డాక్టరు బూట్లమీద పడ్డాయి.

ప్రూయిట్ రుమాలు తీసి బూట్లు తుడవబోయాడు. ఉద్యోగం ఊడినట్టే.

"ఊగిందయ్యోయ్!" డాక్టరు మొహం చాటంతయింది. "కాగితాలు పట్రా. పదేళ్లకి రాసేసుకుందాం."

"మరి... మీ దగ్గరికొచ్చేవాళ్లు భయపడరా అండీ?"

"పడితే పడనీ. ఇది ఊగుతుందని లిఫ్టులోనే ప్రతివాడికీ చెప్పించు. అదొక్కటే నా షరతు."

తిక్క మనిషి దొరికాడనుకుంటూ ప్రూయిట్ పరుగున వెళ్లి కాగితాలు తెచ్చాడు. ఈలోగా గాలి పడిపోయింది. సంతకం పెట్టడానికి డాక్టరు కలం అందుకున్నాడు.

భవనం బండరాయిలా కదలకుండా నిలబడి ఉంది. కలం పట్టిన డాక్టరు చెయ్యి మాత్రం గడగడా వణుకుతోంది.